ఒకటిన్నర చెంపలు

ధర్మపురి,
28 అక్టోబరు 2024.

మంగక్కా, నా ప్రాణమా,

ఉత్తరం చూసి ఎవరికేమయిందోనని గాభరా పడకు. అందరం బాగున్నాం. ఫోన్ చేస్తే పోయేదానికి ఈ ఉత్తరమేమిటంటావని తెలుసు. ఈ ఇంట్లో నా ఫోన్ నాది కాదక్కా. పొద్దున నా కూతురు సత్య ఆటలకి, మధ్యాహ్నం ఆయన బేరాలకి, సాయంత్రం మా అత్త సీరియళ్ళకి. ఇక కొట్లో మాట్లాడదామంటే, పాత్రల కొట్టు గదా, ఎవరు గుసగుసలాడినా పది బిందెల్లో మోగుతుంది. అదీగాక ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు కానీ, తమిళనాడు బళ్ళలో చదివినవాళ్ళు గదా, తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. కుప్పం బడిలో మనం నేర్చుకున్న చదువు పెళ్ళయిన పన్నెండేళ్ళకి ఇలా అక్కరకొచ్చింది. ఈ కాగితం గల్లాపెట్టె మీద వదిలేసి పోయినా నాకు భయం లేదు. ఆయన చూస్తే తిరగేసి వెనకవైపు వక్కపొడి పొట్లం కట్టుకుంటారు.

అసలు సంగతికి వస్తాను. మే నెలలో సేలంలో పన్ను తీయించుకున్నానని నీకు చెప్పాను గదా. అది అబద్ధం. నా పళ్ళన్నీ నా నోట్లోనే ఉన్నాయి. నేను వెళ్ళింది ప్లాస్టిక్ సర్జరీ డాక్టరు దగ్గరికి. నోరు మూసుకో అక్కా, ఈగలు దూరతాయి. మిగతాది చదువు.

నా ఎడమ చెంప సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది. ఎనిమిదో ఏట గడ్డ లేచి కోసినప్పుడు నా పక్కన కూర్చుని నాకంటే గట్టిగా ఏడ్చింది నువ్వే. గడ్డ పోయింది, గుంట మిగిలింది. మన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అది నాకు గుర్తే ఉండేది కాదు. గుర్తు చేసింది ఈ ఇల్లు. ఇన్నేళ్ళుగా నీకు కూడా చెప్పని మాట ఇది. పెళ్ళయి రెండు నెలలు తిరక్కుండానే మా అత్త వడ్రంగిని పిలిపించి, కొట్లో గల్లాపెట్టె బల్ల కుడి నుంచి ఎడమకి మార్పించింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నేను కూర్చుని చూస్తే అర్థమైంది. నా ఎడమ చెంప గోడవైపుకి వచ్చింది, బాగున్న చెంప గిరాకీల వైపుకి. ఆ తరవాత ఏ పెళ్ళిలో ఫోటో తీసినా మా అత్త వచ్చి నా ఎడమ పక్కన, నాకంటే ఒక అర అడుగు ముందుకి నిలబడుతుంది. నన్ను ఒక మాట అనలేదు, ఒక్కనాడు కసురుకోలేదు. కానీ కోడలి మొహం జనానికి చూపించడానికి ఆవిడకి నామోషీ అని నాకు తెలిసిపోయింది. అక్కా, నన్ను తిట్టే అత్త అయితే తిరిగి తిట్టేదాన్ని. మంచిగా చూసుకుంటూ దాచిపెట్టే మనిషిని ఏమనాలి?

అందుకని నా చీటీ డబ్బుతో ఈ పని చేశాను. సేలం డాక్టరమ్మ నిదానస్తురాలు. తొడలోంచి సన్నటి గొట్టంతో కొవ్వు లాగి, శుభ్రం చేసి, సూదులతో చెంపలో పెట్టింది. వేరే మందూ మాకూ కాదు, నా కొవ్వే నా చెంపకి. "నీకు కొవ్వెక్కిందే" అని నువ్వు చిన్నప్పుడు తిట్టేదానివే, ఎక్కాల్సిన చోట ఇప్పుడెక్కింది. కానీ పెట్టిందంతా నిలవదని ముందే చెప్పింది. కొంత కరుగుతుంది, నిలిచేదెంతో మూడు నాలుగు నెలలకి తెలుస్తుంది, అవసరమైతే ఇంకొకసారి పెడతాను, ఈలోగా బరువు పెరగకూడదు, తగ్గకూడదు అంది. నేను బుద్ధిగా తలూపాను.

ఆగస్టుకల్లా ఎంత బాగా కుదిరిందంటే, కొట్లో నా పని చెడింది. మా కొట్లో ఎటు చూసినా ఎవర్‌సిల్వర్ స్టీలు సామాన్లే గదా. గుండ్రటి బిందెలో చూసుకుంటే ఎవరి మొహమైనా ఉబ్బుగానే కనబడుతుంది, దాన్ని నమ్మలేం. నైవేద్యం పెట్టే చదునైన తళిగ పళ్ళెం మాత్రం ఉన్నదున్నట్టు చూపిస్తుంది. పొద్దున్నే తుడిచే నెపంతో పళ్ళెం ఎత్తుకుని ఎడమ చెంప చూసుకునేదాన్ని. నిండుగా ఉండేది. పిల్లలు మిఠాయి బుగ్గన పెట్టుకుంటే ఉంటుందే, అలా. ఆయనకి తేడా తెలిసింది. పన్ను తీసేశాక వాపు పోయి మొహానికి కళ వచ్చిందని తీర్మానించారు.

ఇప్పుడు అసలైన తెలివితక్కువ పని విను. ఆపరేషన్‌కి ముందు పెరుమాళ్ళకి మొక్కుకున్నాను. చెంప కుదిరితే ఆయనకి ఇష్టమైన తమిళ నెల పురట్టాసి అంతా ఒంటిపూట భోజనం చేస్తాను, శనివారాలు తులసి నీళ్ళతోనే ఉంటాను అని. చెంప కుదిరింది. మొక్కు తీర్చకుండా ఎలా ఉంటాను? సెప్టెంబరు మధ్యలో పురట్టాసి పుట్టింది, నేను మొదలుపెట్టాను. మా అత్త పొంగిపోయింది. "ఈ కాలం పిల్లల్లో ఇంత నిష్ఠ ఎవరికుండాది" అని వీధిలో వాళ్ళందరికీ చెప్పింది. శనివారం పెరుమాళ్ళకి తళిగ నైవేద్యం వేసి, చిత్రాన్నం, వడలు, చక్కెర పొంగలి చేసి, ఇంటింటికీ పంచి, నేను మాత్రం నీళ్ళు తాగి కూర్చున్నాను. డాక్టరమ్మ బరువు తగ్గొద్దంటే అది డైటింగ్ చేసే ఆడవాళ్ళకి చెప్పే మాట అనుకున్నాను. ఉపవాసాన్ని ఎవరైనా డైటింగ్ అంటారా అక్కా?

అన్నారు. మొన్న చెకప్‌కి వెళ్తే డాక్టరమ్మ నన్ను బరువు తూచే మిషన్ ఎక్కించి, నమ్మక మళ్ళీ ఎక్కించింది. ఏం తిన్నావని అడిగితే ఏమీ తినలేదని చెప్పాను. చెంపలో పెట్టిన కొవ్వు ఎక్కడున్నా కొవ్వేనట. ఒళ్ళు తగ్గితే అదీ తగ్గుతుందట. దానికి మొక్కు సంగతి తెలియదట. చెంప కుదిరినందుకు పెరుమాళ్ళకి కృతజ్ఞత చెప్పబోయి ఆ చెంపనే తినేశానన్నమాట. ఇప్పుడు సగం గుంట మళ్ళీ వచ్చింది.

మళ్ళీ చేయించుకోవాలని ఉంది. కానీ ఈసారి చెప్పడానికి అబద్ధం లేదు. ఎన్ని పళ్ళు పీకించుకోను? పైగా నిన్న పెరియంపట్టి నుంచి తిమ్మరాయన్ వచ్చాడు. మా దగ్గర పాత ఇత్తడి మార్చుకునే మనిషి. చెంప పట్టుకుని, "ఏమ్మా, నీ పల్లు తీసిన డాక్టరు అడ్రసు ఈయి పా. తీసినట్టే తెలీలేదని కొట్లో అన్న చెప్పినాడు, నాకు మూడు పొద్దులుగా నొప్పి పా" అన్నాడు. పాపం, నిజం చెప్పకపోతే ఆ మనిషి సేలం పోయి తొడ చూపించుకుంటాడు. అడ్రసు కాగితం దొరకలేదని చెప్పి పంపించాను.

నిజం చెబితే మా అత్త మొహంలో ఏం కనబడుతుందోనని భయం. "అమ్మయ్య, ఇప్పటికి నీకు తోచిందా" అన్నట్టు చూస్తే నేను తట్టుకోలేను. చెప్పకుండా ఉంటే ఈ సగం చెంపతో బతుకంతా గోడవైపు కూర్చోవాలి. ఏం చేయను? వెంటనే రాయి.

నీ చెల్లెలు,
సుగన్య
(ప్రస్తుతానికి ఒకటిన్నర చెంపలు)


కుప్పం,
5 నవంబరు 2024.

పంటి నొప్పికి తొడ కోయించుకున్న నా తెలివైన చెల్లికి,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. పప్పు మాడింది. మీ బావ వచ్చి ఎందుకు నవ్వుతున్నావంటే చెప్పలేదు, తరవాత ఎందుకు ఏడుస్తున్నావంటే అదీ చెప్పలేదు. రాత్రి ఆయన మాడిన పప్పు వంక పెట్టకుండా తిని లేచారు.

మళ్ళీ చేయించుకోవాలా వద్దా అని నన్నడక్కు. నీకు కావాలనిపిస్తే చేయించుకో. కుట్టు వదిలిన రవిక మళ్ళీ కుట్టించుకోమా? సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. కానీ ఒక్కటి చెప్పు. నీ చెంప నీకోసం కావాలా, మీ అత్తకి చూపించడానికి కావాలా? మొదటిదైతే రెండోసారి కాదు, నాలుగోసారి అయినా నేను నీ పక్కన కూర్చుంటాను. రెండోదైతే ఎంత కొవ్వు పెట్టినా నీకు చాలదు.

ఇంకో మాట. బల్ల జరిపింది నిజం, ఫోటోలో పక్కన నిలబడేది నిజం. నామోషీ అన్నది ఎవరు చెప్పారు నీకు? పన్నెండేళ్ళుగా నువ్వే అడుగుతున్నావు, నువ్వే జవాబు చెప్పుకుంటున్నావు. పాపం ఆవిడకి ఆ పరీక్ష జరుగుతోందనే తెలియదు. నీకు పురుడొచ్చినప్పుడు ఆవిడ ఆసుపత్రిలో పడ్డ పాట్లు నేను చూశాను. అందుకే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. పోయి అడుగు. నువ్వడక్కపోతే నేను రైలెక్కి వచ్చి అడుగుతాను, నా గొంతు సంగతి నీకు తెలుసు, మీ కొట్లో బిందెలన్నీ మోగుతాయి.

ముందు కడుపునిండా తిను. తిమ్మరాయన్‌కి మంచి పంటి డాక్టర్ని చూడు, ఆ ఉసురు మనకొద్దు.

నీ అక్క,
అలమేలుమంగ


ధర్మపురి,
12 జనవరి 2025.

మంగక్కా, నా పెద్ద గొంతు అక్కా,

నువ్వు రైలెక్కక్కర్లేదు. అడిగాను. రెండు నెలలు రాయనందుకు తిట్టుకునే ఉంటావు, ఇప్పుడు మొత్తం చెబుతాను, ఆ తరవాత తిట్టు.

నీ ఉత్తరం వచ్చిన వారానికి, మధ్యాహ్నం అన్నం దగ్గర ధైర్యం తెచ్చుకున్నాను. మా అత్త నాకు రెండోసారి రాగి ముద్ద వేయబోతోంది.

"అత్తా, నేను పల్లు తీయించుకోలే" అన్నాను.

ఆవిడ గరిటె ఆపి, "అట్లయితే తిమ్మరాయన్‌కి ఏమి చెప్పేది?" అంది. అక్కా, ఇంత భయపడి చెబితే ఆవిడకి మొదట వచ్చిన దిగులు అది.

ఆ తరవాత అంతా చెప్పాను. చెంప, తొడ, సూదులు, మొక్కు, ఉపవాసం. ఆపరేషన్ మాట వింటూ ఆవిడ ఆపిన ముద్ద నా కంచంలో వేసింది. ఉపవాసంతో చెంప కరిగిందన్నప్పుడు మాత్రం మొహం వాడిపోయింది. "నేనే గదా ఉండు ఉండు అని పొగిడినా" అంది. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేను అనుకున్నదే అయింది, ఇల్లు చెడగొట్టుకున్నానని రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చాను. తెల్లారి లేచి చూస్తే మా అత్త పట్టుచీర కట్టుకుని, చేతిలో సంచీతో వాకిట్లో నిలబడి ఉంది.

"ఏమే, ఇంకా తయారు కాలేదా? సేలం బస్సు పోతుంది" అంది.

ఆసుపత్రికి పట్టుచీర ఎందుకత్తా అంటే, డాక్టరు మనల్ని ఎవరనుకోవాల అంది.

ఆ క్లినిక్ వరండాలో గంటసేపు కూర్చున్నాం. మా అత్తని నీకు తెలుసు గదా, ఊరికే కూర్చోలేదు. పక్కనున్న ప్రతి ఒక్కరినీ మీరెందుకు వచ్చినారని అడిగింది. బైక్ ప్రమాదంలో దవడ దెబ్బతిన్న ఒకాయన తనకి రెండోసారి అని చెప్పాడు. ఒకేసారి ఎక్కువ పెడితే లోపలి కొవ్వుకి రక్తం అందక చచ్చిపోతుందట, అందుకని మొదటే విడతలుగా చేద్దామన్నారట. ఈరోడ్ నుంచి వచ్చిన ఒకావిడ రెండుసార్లు చేయించుకుని మూడోసారికి వచ్చింది. ఆవిడ బుగ్గలు చూస్తే నాకు ఏ లోటూ కనబడలేదు. లోపలికి వెళ్ళి విసవిసా బయటికొచ్చింది. డాక్టరు ఇక అక్కర్లేదు పొమ్మందట, వేరే ఊళ్ళో చూసుకుంటానంటోంది. మా అత్త ఆవిడ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చోబెట్టి, సంచీలోంచి మురుకులు తీసి ఇచ్చింది. ఆవిడ తిన్నది కూడా.

తరవాత నన్ను ఫోటో తీసే గదిలోకి పిలిచారు. ముందొకటి, అటుపక్క ఒకటి, ఇటుపక్క ఒకటి తీస్తారు. తెల్ల గోడ ముందు నిలబడ్డానో లేదో, మా అత్త తనకి తెలియకుండానే వచ్చి నా ఎడమ పక్కన, అర అడుగు ముందుకి నిలబడింది. నాకు పన్నెండేళ్ళ కోపం ఒక్కసారి బయటికొచ్చింది.

"ఇక్కడ కూడా దాచాలనా అత్తా? నా మొహం చూసేదానికి అంత సిగ్గా నీకు?" అన్నాను. ఫోటో తీసే అమ్మాయికి తెలుగు రాకపోయినా కెమెరా దించేసింది.

మా అత్త నా వంక తెల్లబోయి చూసింది. "నాకు యాల సిగ్గు, ఎందుకు సిగ్గు?" అంది.

"బల్ల యాల జరిపించినావు మరి?"

ఆవిడ చెప్పింది విను అక్కా. ఆవిడ మాటల్లోనే రాస్తాను. "నువ్వు వచ్చిన కొత్తలో నీ ఎడమ చెయ్యి ఎప్పుడూ చెంప మీదనే ఉండేది. బిల్లు రాసేది ఒక చేత్తో, పాత్ర తూకం వేసేది ఒక చేత్తో. ఒకనాడు ఇత్తడి అండా ఒంటి చేత్తో ఎత్తబోయి కాలిమీద వేసుకున్నావు, గ్యాపకం ఉండాదా? గోరు ఊడిపోయె. ఆ పొద్దే వడ్రంగిని పిలిచినా. గోడపక్కకి కూర్చుంటే నీకు రెండు చేతులూ చిక్కుతాయి అని. ఫోటోలో అయినా అంతే, నేను పక్కన ఉంటే నువ్వు చెయ్యి దించుతావు."

"నాకు ఒక మాట చెప్పకూడదా అత్తా?"

"ఎట్ల చెప్పేది? చెప్తే నీ చెంప నేను చూసినానని నీకు తెలిసిపోవును గదా."

అండా కాలిమీద పడ్డది నాకు బాగా గుర్తుంది. చెయ్యి చెంప మీద ఉండేదని మాత్రం ఆ క్షణం దాకా తెలియదు. అక్కా, నేను ఆ గదిలో గట్టిగా ఏడ్చాను. మా అత్త పట్టుచీర కొంగు తడిపేశాను. ఫోటో తీసే అమ్మాయి పాపం, ఆపరేషన్‌కి భయపడుతున్నానేమోనని నాకు గ్లూకోజ్ నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాక అసలు తమాషా. మా అత్త ఆవిడని మాట మొదలుపెట్టనివ్వలేదు. లేచి నిలబడి నడుము మీద చెయ్యి వేసి, తమిళంలో, "డాక్టర్, నా కోడలి ఒంట్లో ఏముంది తీసేదానికి? నాకు ఇక్కడ కావలసినంత ఉంది. ఇది తీసి దానికి పెట్టండి" అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఇంకొకరి కొవ్వుని ఒళ్ళు ఒప్పుకోదమ్మా, ఎవరిది వాళ్ళకే పనికొస్తుంది అని చెప్పింది. "నేను పరాయిదాన్నా, అత్తని" అంది మా అత్త. అత్తదైనా అంతేనని డాక్టరమ్మ ఒప్పించేసరికి పది నిమిషాలు పట్టింది.

ఎందుకు మళ్ళీ చేయాలో కూడా ఆవిడే విడమరిచి చెప్పింది. నారు నాటితే అన్నీ బతకవు, బతికినవి నిలదొక్కుకున్నాక సందులు చూసి మళ్ళీ నాటుతారు గదా, ఇదీ అంతేనంది. నా విషయంలో కొంత దానంతట అదే పోయింది, కొంత నేను కడుపు మాడ్చుకుని పోగొట్టాను. ముందు పోయిన బరువు తెచ్చుకో, దాన్ని కదలకుండా నిలుపు, అప్పుడు చూద్దాం అంది. మళ్ళీ కొంచెం కరుగుతుంది, అద్దంలో గీత గీసినట్టు రెండు చెంపలూ సమానం కావు, ఆ పిసరంత కోసం మూడోసారి వస్తే నేను చేయను అని కూడా చెప్పింది. సరేనన్నాను. నువ్వడిగిన ప్రశ్నే ఆవిడా అడిగింది, ఎవరికోసమని. బల్ల సంగతి తెలిసిపోయింది, మా అత్తకి చూపించాల్సిన పనిలేదు. అయినా నాకు కావాలనే ఉంది అక్కా. నాకోసమే కావాలి.

ఆ రాత్రి ఆయనకి చెప్పాం. ఆయన, "అట్లయితే పల్లు నోట్లోనే ఉండాదా?" అన్నారు. నోరు తెరిపించి చూసుకున్నారు కూడా. తరవాత, నన్ను కూడా తోడు తీసుకుపోయి ఉండొచ్చు గదా అని చిన్నబుచ్చుకున్నారు. మర్నాడు తిమ్మరాయన్‌ని తనే స్కూటర్ మీద ఇక్కడి పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి పన్ను తీయించారు. ఈసారి నిజంగానే తీశారు.

అప్పటినుంచి మా అత్త నా బరువుకి కాపలా. రాగి ముద్ద, వేరుశనగ చట్నీ, మీగడ పెరుగు. కొట్లో తూకం రాళ్ళు పక్కన పెట్టి ఇనప తక్కెడ మీద నన్నే ఎక్కించి చూస్తోంది, గిరాకీల ముందర. వింత ఏమిటంటే, ఒళ్ళు కుదుటపడేకొద్దీ చెంప కూడా కొంచెం తిరిగి నిండింది. మిగిలినది కొంచెమే, ఫిబ్రవరిలో మాసి నెల పుట్టాక పెడదామని డాక్టరమ్మ తేదీ ఇచ్చింది. ఈసారి ఆయన వస్తారు, మా అత్త వస్తుంది, నువ్వూ రావాలి. అందరం కూర్చుంటే ఆ వరండా చాలదు.

మొన్న శుక్రవారం వైకుంఠ ఏకాదశి. ఆపరేషన్ దాకా బరువు కదలకూడదని ఆజ్ఞ గదా, ఉపవాసం వదిలేయాల్సి వచ్చింది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఏకాదశి నాడు నేను తినడం ఇదే మొదలు. తెల్లవారుజామున కోట పెరుమాళ్ళ గుడికి వెళ్ళి, సొర్గవాసల్, అదే ఉత్తర ద్వారం, దాటి వచ్చాం. గుడిలో మనసు మనసులో లేదు. పెరుమాళ్ళు ఇచ్చిన చెంప ఒకసారి పోగొట్టుకున్నాను, ఇప్పుడు దాన్ని కాపాడుకోవడానికి ఆయన రోజునే తింటున్నాను. ఇంటికొచ్చి మా అత్తతో అదే అన్నాను.

ఆవిడ నాకు పీట వేసి, పళ్ళెంలో పెరుగన్నం పెట్టి, తను ఎదురుగా కూర్చుంది. రెండు గ్లాసుల్లో తులసి నీళ్ళు పోసుకుంది.

"ఇది యాల అత్తా రెండు?" అన్నాను.

"ఒకటి నాది, ఒకటి నీది. పెరుమాళ్ళకి చెప్పేసినా, మా ఇంట్లో రెండు ఉపవాసాలూ నేనే ఉంటానని. నా కొవ్వు నీకు పనికి రాదనె ఆ డాక్టరు. సరి, ఒప్పుకున్నా. నీ ఆకలి నేను పడేదానికి ఎవరి పర్మిషన్ కావాల? తిను."

నేను తింటూ ఉన్నాను, కళ్ళ నీళ్ళు పెరుగన్నంలో పడుతున్నాయి. ఆవిడ తన గ్లాసు తాగింది. తరవాత నా గ్లాసు తీసుకుని, కళ్ళకద్దుకుని, అది కూడా తాగింది. తాగి, నా పళ్ళెంలోకి వంగి చూసి ఇంకొక గరిటె వేసింది.

నీ చెల్లెలు,
సుగన్య